లేని లాభానికి కట్టిన పన్ను

"వ్యాపారం ఎలా ఉంది?" అని ఎవరడిగినా నేను టర్నోవరు చెప్పేవాణ్ణి. 2021-22లో 60 లక్షలు, మరుసటేడు కోటీ పాతిక, 2023-24లో 2 కోట్ల 10 లక్షలు. పెళ్ళిళ్ళలో, బ్యాంకులో, టీ కొట్టు దగ్గర ఇవే అంకెలు. ఎంత మిగిలిందని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఆ మూడేళ్ళలో అప్పు ఎంత పెరిగిందని ఎవరైనా నిలదీసి ఉంటే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

విజయవాడ ఆటోనగర్‌లో మాది అద్దె షెడ్డు. బళ్ళకు డెస్కులు, కాలేజీ హాస్టళ్ళకు మంచాలు, ఆఫీసులకు బీరువాలు, ర్యాకులు చేస్తాం. పదో తరగతి కాగానే వెల్డింగ్ పనిలో చేరినవాణ్ణి నేను. పైపు చేత్తో పట్టుకుంటే ఎంత గేజో చెప్పగలను. అతుకు చూస్తే ఏ కుర్రాడు వేశాడో చెప్పగలను. పని తెలిస్తే వ్యాపారం తెలిసినట్టేనని అనుకున్నాను. కోవిడ్ తర్వాత బళ్ళు తెరుచుకోగానే ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. వచ్చిన లక్ష్మిని కాదనకూడదంటారు. నేను ఒక్క ఆర్డరూ వదల్లేదు.

మా లెక్కలు చూసే అబ్బాయి పగలు వేరే చోట పనిచేసి సాయంత్రం ఏడింటికి వచ్చేవాడు. అమ్మకం బిల్లులు, కొనుగోలు బిల్లులు టాలీలో ఎక్కించి, 11వ తేదీకి అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను కట్టే రిటర్ను 3బి వేసి వెళ్ళిపోయేవాడు. నేనిచ్చే జీతానికి అంతకు మించి చేయాల్సిన బాధ్యత అతనికి లేదు. కూలీలు, కరెంటు, లారీ కిరాయిలు, చేబదుళ్ళు నా జేబు డైరీలో ఉండేవి. కొన్ని డైరీలోకి కూడా ఎక్కేవి కావు. ఖాతాలో ఎంతుందో బ్యాంకు మెసేజీ చెప్పేది. ఐదు లక్షలు కనిపిస్తే ఐదు లక్షలూ నావే అనుకునేవాణ్ణి. అందులో పైపు సేటుకు ఇవ్వాల్సింది ఎంత, జీఎస్టీకి పోయేది ఎంత, ఇంకా మొదలే పెట్టని పనికి తీసుకున్న అడ్వాన్సు ఎంత అని విడదీసి చూసే అలవాటే లేదు. టాలీ పుట్టిందే ఒక వ్యాపారి అవసరంలోంచి. శ్యాంసుందర్ గోయెంకాకు తన వ్యాపారం లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరకలేదు, కొడుకు భరత్ రాసిపెట్టాడు. 1986లో అదే కంపెనీ అయింది. అలాంటిది నా బల్ల మీద కంప్యూటర్లోనే ఉన్నా, ఒక్కసారి కూడా నేను తెరిచి చూడలేదు. లెక్కలంటే ప్రభుత్వానికి చూపించేవి అన్నదే నా ఉద్దేశం.

ఆ ఉద్దేశాన్ని ఇంకా గట్టిపరిచింది 44ఏడీ. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో చిన్న వ్యాపారులకు ఇచ్చిన వెసులుబాటు అది. టర్నోవరు 2 కోట్ల లోపు ఉంటే, 2023-24 నుంచి నగదు వసూళ్ళు 5 శాతం దాటకపోతే 3 కోట్ల దాకా, పుస్తకాలు చూపించే పని లేదు. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద కనీసం 6 శాతం లాభం వచ్చినట్టు ఒప్పుకుని పన్ను కట్టేస్తే సరిపోతుంది. చిన్నవాళ్ళ నెత్తిన ఆడిట్ బరువు పడకుండా పెట్టిన మంచి ఏర్పాటు. నేను దాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాను. చట్టం లెక్క అడగడం లేదు కాబట్టి లెక్కే అక్కర్లేదనుకున్నాను. 2 కోట్ల 10 లక్షల మీద 6 శాతం అంటే 12 లక్షల 60 వేలు. రిటర్నులో ఆ అంకె చూసి నిజంగానే నాకు అంత మిగిలిందని నమ్మాను. కారు కొన్నది ఆ నమ్మకం మీదే. నిజానికి ఆ ఏడు నాకు నష్టం వచ్చింది. లేని లాభానికి పన్ను కట్టాను, ఆ పన్ను కట్టడానికి అప్పు తెచ్చాను.

నష్టం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఒక్క డెస్కు చూస్తే చాలు. ఇద్దరు పిల్లలు కూర్చునేది, బల్ల, సీటు, కింద పుస్తకాల అర ఉన్నది. పైపు 16 కిలోలు, కిలో 70 చొప్పున 1,120. బల్లకూ సీటుకూ అరకూ కలిపి ప్రీ-లామినేటెడ్ బోర్డు 13 చదరపు అడుగులు, 845. కూలి 450. పౌడర్ కోటింగ్ 250. స్క్రూలు, బుష్షులు, ఎడ్జ్ బ్యాండు 150. మొత్తం 2,815. ఒక పెద్ద కాలేజీ సంస్థకు జీఎస్టీ కాక 3,400కి రేటిచ్చాను. డెస్కుకు 585 మిగులు, 2,000 డెస్కులు. నోటి లెక్కన 11 లక్షల 70 వేలు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఆ 2,815లో నేను వేయనివి ఎన్ని ఉన్నాయో తర్వాత తెలిసింది. పైపు 20 అడుగుల లెంగ్తుల్లో వస్తుంది. కోస్తే ప్రతిదానికీ మూరెడు ముక్క మిగులుతుంది, అది తుక్కు ధరకు పోతుంది. ఆ తేడా డెస్కుకు 60. ఎనిమిదికి నాలుగు బోర్డు షీటు కోసినప్పుడు ఎందుకూ పనికిరాని తునకలు మరో 90. గ్యాసు, వెల్డింగ్ వైరు, కరెంటు 70. లారీ, మూడో అంతస్తుకు మోసే కూలీలు, అక్కడ బిగింపు కలిపి 180. షెడ్డు అద్దె, సూపర్‌వైజరు జీతం, బండి, ఫోను అన్నీ పంచితే 120. దారిలో గీతలు పడి వెనక్కొచ్చినవాటికి మళ్ళీ కోటింగ్ 40. కూడితే 560. నా 585లో నిలిచింది 25 రూపాయలు.

అదైనా డబ్బు వెంటనే చేతికొస్తే. అది ఐదు నెలలకు వచ్చింది. రూపాయి వడ్డీ వేసుకున్నా 3,400 మీద ఐదు నెలలకు 170 అవుతుంది. నేను సరుకు కొన్నది చాలావరకు రెండు రూపాయల వడ్డీ డబ్బుతో. అంటే లారీ ఎక్కిన ఒక్కో డెస్కు మీద 145 నుంచి 315 దాకా నేనే ఎదురు పెట్టి పంపాను. ఎక్కువ అమ్మినకొద్దీ ఎక్కువ పోయింది. ఇందులో ఏదీ నాకు కనపడకుండా దాగిన ఖర్చు కాదు. ప్రతిదానికీ బిల్లు నా సొరుగులోనే ఉంది. వాటన్నిటినీ తీసి ఒక్క కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయడానికి ఒక సాయంత్రం చాలు. ఆ సాయంత్రం నేను కేటాయించలేదు.

రేటు సరిగ్గా వేసుకుని ఉన్నా నేను చిక్కుల్లో పడేవాణ్ణే. ఇది అర్థం కావడానికి నాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 60 లక్షల రోజుల్లో చిన్న బళ్ళవాళ్ళు రెండు నెలల్లో డబ్బిచ్చేవాళ్ళు. ఏ రోజు చూసినా బయట ఉన్నది సుమారు 10 లక్షలు. పెద్ద సంస్థల పని పట్టాక గడువు ఐదు నెలలకు సాగింది. 2 కోట్ల 10 లక్షల అమ్మకానికి ఐదు నెలలంటే బయట నిలిచిపోయేది 87 లక్షలు, అదీ జీఎస్టీ కలపకుండా. అమ్మకం మూడున్నర రెట్లయితే బయట చిక్కిన డబ్బు దాదాపు తొమ్మిది రెట్లయింది. అమ్మకం పెరుగుతోంది కాబట్టి డబ్బు కటకట దానంతటదే తీరిపోతుందని ప్రతి నెలా నాకు నేను చెప్పుకున్నాను. కటకట తెస్తున్నదే ఆ పెరుగుదల అని తట్టలేదు.

బ్యాంకు 42 లక్షల క్యాష్ క్రెడిట్ ఇచ్చింది. చిన్న పరిశ్రమల లిమిట్లకు బ్యాంకులు పి.ఆర్. నాయక్ కమిటీ సూత్రం వాడతాయి. ఏడాది అమ్మకాల్లో నాలుగో వంతు నిర్వహణకు కావాలనీ, అమ్మకాల్లో 20 శాతం బ్యాంకు ఇచ్చి 5 శాతం వ్యాపారి తెచ్చుకోవాలనీ ఆ కమిటీ 1990ల మొదట్లో చెప్పింది. నాలుగో వంతు అంటే మూడు నెలల అమ్మకం. పెట్టిన డబ్బు మూడు నెలల్లో తిరిగి చేతికొచ్చే వ్యాపారానికి సరిపోయే లెక్క అది. నాది ఐదు నెలలు, పైగా షెడ్డులో ఎప్పుడూ నెల సరుకు. మిగతా 45 లక్షలు పైపు సేటు అరువు, మా బావమరిది చేబదులు, వడ్డీ డబ్బు.

ఆ 42 లక్షలైనా పూర్తిగా నిలుపుకున్నానా అంటే, లేదు. కోటింగ్ బయట చేయిస్తే ఆలస్యమవుతోందని 14 లక్షలు పెట్టి సొంత ఓవెన్ పెట్టాను. టర్మ్ లోను అడిగితే కొటేషన్లు, ప్రాజెక్టు రిపోర్టు, నెలన్నర పడుతుందన్నారు. ఆగలేక క్యాష్ క్రెడిట్ లోంచే కట్టేశాను. ఐదేళ్ళలో తీరాల్సిన యంత్రానికి నెలనెలా తిరగాల్సిన డబ్బు వాడాను. అప్పటి నుంచి సరుకుకు మిగిలింది 28 లక్షలే. ఓవెన్ బాగానే పనిచేసింది. అందులో పెట్టడానికి పైపు కొనే డబ్బే లేదు.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నెలనెలా బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంటు ఇవ్వాలి. సరుకు ఎంత, రావాల్సిన బాకీలు ఎంత, వాటిలో 90 రోజులు దాటినవి ఎన్ని. దాటినవాటి మీద డబ్బు తీసుకోనివ్వరు. నేను పాత బాకీలను కొత్తవాటిలో కలిపేసి రాశాను. మూలన తుప్పు పట్టిన పాత ర్యాకులకు పూర్తి ధర కట్టాను. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లేఖ బయటికొచ్చినప్పుడు, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని పేపర్లో చదివి, లేనిది ఉన్నట్టు రాయడానికి చెయ్యి ఎలా వచ్చిందని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ స్థాయి వేరు. కానీ వచ్చే నెల సర్దేద్దాంలే అనుకుంటూ ఒక అంకె పెంచి సంతకం పెట్టడం ఎంత తేలికో నా చేతికి తెలిసింది. అంతకన్నా ఘోరం, ఆ కాగితాన్ని రెండు మూడు నెలలకు నేనే నమ్మడం మొదలుపెట్టాను.

2,000 డెస్కుల బిల్లు 68 లక్షలు, దాని మీద జీఎస్టీ 12 లక్షల 24 వేలు. బిల్లు చేసిన మరుసటి నెల 20వ తేదీకి పన్ను కట్టాలి. కొన్నవాడు డబ్బిచ్చాడా లేదా అన్నదానితో చట్టానికి పని లేదు. ఇన్‌పుట్ క్రెడిట్ పోగా మూడున్నర లక్షల పైచిలుకు చేతి నుంచి పడుతుంది. లేదు. 3బి ఆపాను. రెండో నెలా ఆపాను. ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుందని తెలుసు, బయటి వడ్డీ కన్నా అదే నయం కదా అని సరిపెట్టుకున్నాను. వరుసగా రెండు నెలల 3బి పడకపోతే ఈ-వే బిల్లు ఆగిపోతుందని మాత్రం తెలియదు.

అది జూన్ మొదటి వారం. ఏలూరులో ఒక బడికి వెళ్ళాల్సిన 120 డెస్కులు లారీకి ఎక్కించి, టార్పాలిన్ కప్పి, తాళ్ళు బిగించారు. 50 వేలు దాటిన సరుకు ఈ-వే బిల్లు లేకుండా రోడ్డెక్కకూడదు. అకౌంటెంటు ఫోను చేసి, "సార్, బిల్లు జనరేట్ కావడం లేదు. మన జీఎస్టీ నంబరు బ్లాక్ అయింది" అన్నాడు. 12న బళ్ళు తెరుస్తారు. డ్రైవరు వచ్చి, "వెయిటింగ్ పడుద్ది ఓనరు గారూ, ముందే చెప్తున్నా" అన్నాడు. మధ్యాహ్నానికి ఇంకో సంగతి బయటపడింది. 3బి వేయకపోతే తర్వాతి నెల జీఎస్టీఆర్-1 కూడా తీసుకోదు. నా బిల్లులు ఎక్కలేదు కాబట్టి మా బీరువాలు కొన్న డీలరుకు తన ఇన్‌పుట్ క్రెడిట్ చూపించే 2బి పట్టీలో ఆ క్రెడిట్ కనపడలేదు. ఆయన నాకివ్వాల్సిన 4 లక్షలు ఆపేశాడు. న్యాయంగానే ఆపాడు. పన్ను కట్టడానికి డబ్బు లేదని పన్ను ఆపితే, రావాల్సిన డబ్బే ఆగిపోయింది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి రెండు నెలలవీ కట్టి, రిటర్నులు వేయించి, మర్నాడు లారీ కదిలించాను.

ఆ వారమే మా ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఒక అమ్మాయిని లెక్కలకు కూర్చోబెట్టాను. బ్యాంకు స్టేట్‌మెంటు ఒక పక్క, టాలీ ఒక పక్క పెట్టుకుని ఒక్కో పద్దూ టిక్కు పెట్టుకుంటూ పోయింది. "సార్, స్కూల్ అని రాసి 48 వేలు పంపారు. మనం సరుకు అమ్మిన స్కూలా, మీ పాప చదివే స్కూలా?" అని అడిగింది. మా పాప ఫీజు. అలాంటివి వరసగా వచ్చాయి. కారు వాయిదా, ఇంటి మీద రేకుల షెడ్డు, తిరుపతి ప్రయాణం, మా చెల్లెలి సీమంతం, అన్నీ వ్యాపారం ఖాతాలోంచే. ఇంటికి ఎంత వాడుతున్నానో ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్ళ తప్పు కాదు, నేనే చెప్పలేదు. తర్వాత ఒక డెలివరీ చలానా తీసి నా ముందు పెట్టింది. ఒక బడివాళ్ళు అదనంగా కావాలంటే 40 డెస్కులు పంపాం, బిల్లు చేయడం మరిచిపోయాం. 1 లక్షా 36 వేలు. వాళ్ళు అడగలేదు, నేను చూసుకోలేదు.

చివరికి ఒక పొడుగు కాగితం ఇచ్చింది. ఎవరు ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్ళుగా. 30 రోజులు, 60, 90, ఆపైన. ఆపైన ఉన్న గడిలో నేను అందరికన్నా ఎక్కువ గౌరవించే పేరు ఉంది, అంకె కూడా అందరికన్నా పెద్దది.

నా బుద్ధితక్కువతనంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇక్కడ ఉంది. ఆ పేరు 2,000 డెస్కులు కొన్న కాలేజీ సంస్థది. వాళ్ళ ఆఫీసుకు వెళితే మేనేజరు గారు లేచి వచ్చి, "రండి రండి, కాఫీ తాగుదాం" అనేవారు. తాగేవాణ్ణి. పిల్లల చదువులు అడిగేవారు. చెప్పేవాణ్ణి. బిల్లు సంగతి ఎత్తబోతే, "ఫీజులు వసూలు కానివ్వండి, మీకెందుకు, మీది ఎక్కడికీ పోదు" అనేవారు. నవ్వి వచ్చేసేవాణ్ణి. గట్టిగా అడిగితే బాగోదని మొహమాటం, వచ్చే ఏడు ఆర్డరు పోతుందని భయం. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం నాలాంటివాడి కోసమే ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా కొన్నవాడు డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే ఉద్యం సర్టిఫికెట్ బ్యాంకు లోను కోసం తీసుకుని ఫైల్లో పెట్టాను, బిల్లు మీద ఆ నంబరైనా వేయించలేదు. పర్చేజ్ ఆర్డరులో గడువు రాయించుకోలేదు. అడగడానికి హక్కు ఉందని తెలిసినా అడగలేకపోయాను.

మా షెడ్డులో కుర్రాళ్ళకు మాత్రం వరసగా శనివారాలు కూలి వాయిదా వేశాను. అక్కడ మొహమాటం అడ్డురాలేదు. "ఈ వారం సగం తీసుకోండిరా, వచ్చే వారం చూద్దాం" అని తేలిగ్గా అనేశాను. ఏళ్ళ తరబడి నాతో ఉన్న పెద్ద వెల్డరు ఒక రోజు పక్కకు పిలిచి, "అన్నా, ఇంటికి పోయి ఏం చెప్పాలో తెలీట్లేదు. వేరే చోట చేరుతున్నా, ఏమనుకోకు" అన్నాడు. ఏమనుకుంటాను. డబ్బున్నవాడి దగ్గర మర్యాద చూపించి, ఆ మర్యాద ఖరీదు ఇతని కూలిలోంచి కట్టాను. అతని పాత బాకీ 18 వేలు అందరికన్నా ముందు తీర్చాను. తీసుకున్నాడు, మళ్ళీ పనిలోకి మాత్రం రాలేదు.

తర్వాత చేసినవాటిలో గొప్పవేమీ లేవు. బ్యాంకుకు వెళ్ళి స్టాక్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలా మాటలు పడ్డాక ఓవెన్ అప్పును టర్మ్ లోనుగా మార్చారు. కారు అమ్మేశాను. ఇంటికి నెలకు ఇంత అని రాసుకుని అంతే తీసుకుంటున్నాను. డబ్బు చేతికి రాగానే అందులోని జీఎస్టీ భాగం వేరే ఖాతాకు పంపుతాను, దాన్ని తాకను. సోమవారం పొద్దున షెడ్డు తాళం తీయకముందే ఆ అమ్మాయి పంపే బాకీల కాగితం చూసి ఫోన్లు చేస్తాను. టర్నోవరు కోటీ నలభైకి దిగింది, అందులో ఏడు లక్షల చిల్లర నిజంగా మిగిలింది. ఈసారి ఆ అంకె లాభనష్టాల పట్టీలో చదివి తెలుసుకున్నాను. బావమరిది బాకీ ఇంకా సగం ఉంది.

మొన్న ఏప్రిల్లో అదే కాలేజీ సంస్థ 1,500 డెస్కులకు రేటు అడిగింది. 3,950, మూడో వంతు అడ్వాన్సు, మిగతాది 45 రోజుల్లో అని రాసి పంపాను. వాళ్ళు మా వెనక వీధిలో కొత్తగా షెడ్డు పెట్టిన కుర్రాడికి 3,350కి ఇచ్చారని తెలిసింది. సాయంత్రం నా డెస్కు లెక్క కాగితం పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాను. ఆర్డరు పోయిందన్న అక్కసుతో వచ్చాననుకున్నాడేమో, ముందు ముభావంగానే ఉన్నాడు. కాగితం చివరిదాకా చదివి, "బోర్డు తునకలకు 90 వేశారేంటి బాబాయ్, అంత పోద్దా?" అని అడిగాడు. అతని షెడ్డులోనే ఒక షీటు బల్ల మీద వేయించి, డెస్కు కొలతలకు కోయించి, మిగిలినవన్నీ ఏరి అక్కడే తూకం వేయించాను. తర్వాత పైపు దగ్గరికి వెళ్ళాం.